విశ్వాసి అని పిలిపించుకుంటున్నాం, బతుకులో అది ఎక్కడ కనపడాలి?

రేపల్లె_తండ్రి | సోమవారం, రాత్రి 9:40

అందరికీ వందనాలు. మా పెద్దబ్బాయికి సంబంధం కుదిరింది. అమ్మాయి వాళ్లది తెనాలి పక్క ఊరు, వాళ్లూ విశ్వాసులే. వచ్చే నెలలో ప్రధానం (నిశ్చితార్థం) పెట్టుకుందాం అనుకుంటున్నాం. మొన్న మాట్లాడుకోవడానికి కూర్చున్నప్పుడు మా తరఫున వచ్చిన సంఘ పెద్ద ఒకాయన, "కట్నం అనే మాట మన నోటివెంట రాకూడదు, సాక్ష్యం పోతుంది. అమ్మాయికి ప్రేమతో ఏం పెట్టుకుంటారో వాళ్లనే చెప్పమందాం" అన్నారు. వాళ్లు చెప్పారు. ఇరవై లక్షలు, అరెకరం పొలం. మేం అడిగింది లేదు, బేరమాడింది లేదు. ఆ అంకె చెప్పేటప్పుడు అమ్మాయి తండ్రి తన భార్య వైపు కూడా చూడలేదు. చేతిలో టీ చల్లారిపోయినా గ్లాసు కింద పెట్టలేదు.

ఆ రాత్రి నుంచి నా మనసు మనసులో లేదు. మా ఇంట్లో కుటుంబ ప్రార్థన తప్పదు. జీతం రాగానే దశమభాగం తీసి పక్కన పెడతాం. ఉపవాస కూడికలకీ, ఏటా జరిగే కన్వెన్షన్‌కీ వెళ్తాం. కానీ పెళ్లి, పొలం, ఉద్యోగం, కులం దగ్గరికి వచ్చేసరికి మా ఇంటికీ ఎదురింటికీ తేడా ఏమిటని ఎవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

వాక్యాలు నాకు తెలుసు. మీరు చూసినవి, మీకు గట్టిగా తెలిసినవి చెప్పండి. విశ్వాసం వల్ల మనిషి నిజంగా ఏదైనా వదులుకున్న సంగతులు కావాలి నాకు.

వెలంపల్లి_మనవడు | సోమవారం, రాత్రి 10:25

అన్నగారూ, మాది ఒంగోలు వైపు. మా పెద్దవాళ్లు చెప్పుకునే సంగతి ఒకటి ఉంది, చరిత్రలోనూ రాసి ఉంది.

1876–78లో ఘోరమైన కరువు వచ్చింది. అప్పుడు ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ ఉండేవారు. మా వాళ్లు క్లౌ దొర అనేవారు. ఊరికే గంజి పోసి పంపడం ఆయనకు నచ్చలేదు. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్న వేల మందికి కూలి పని చూపించారు. ఆయన దగ్గరి బోధకులే అక్కడ మేస్త్రీలు. పగలు తట్టలు లెక్కపెట్టడం, సాయంత్రం అదే కూలీల పక్కన కూర్చుని మాట్లాడటం. కొన్నాళ్లకు జనం బాప్తిస్మం ఇమ్మని అడగడం మొదలుపెట్టారు. గుంపులు గుంపులుగా అడిగారు.

ఆయన ఇవ్వలేదు. కరువు సాయం నడిచినంత కాలం, అంటే ఏడాదికి పైగా, బాప్తిస్మాలు ఆపేశారు. కూలి డబ్బులు ఇచ్చే చేత్తోనే బాప్తిస్మం ఇస్తే అది కూడు కోసం వచ్చిన మతం అయిపోతుందని ఆయన భయం. సాయం ఆగిపోయింది, ఇక చేతిలో పెట్టడానికి ఏమీ లేదని చెప్పాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఆ అంకె మాకు నోటికి వచ్చు. ప్రతి మీటింగులో చెబుతారు. దానికి ముందు ఆయన ఆగిన ఆ ఏడాది గురించి మాత్రం ఎవరూ చెప్పరు. అమెరికాకు పెద్ద లెక్క రాసి పంపించే అవకాశం రోజూ గుమ్మం ముందుకొచ్చి నిలబడితే వద్దనుకున్నాడు ఆ మనిషి. నాకు ఆ 2,222 కన్నా ఆ నిరీక్షణే పెద్దదిగా అనిపిస్తుంది.

మీ ఇంటికి వచ్చిన ఇరవై లక్షలూ అలాంటివే అన్నా. అడక్కుండా గుమ్మంలోకి వచ్చాయి కాబట్టే ఆలోచించాలి.

స్టాఫ్_నర్స్ | సోమవారం, రాత్రి 10:41

ఆ తండ్రి టీ గ్లాసు గురించి చదివాక నిద్ర పట్టేలా లేదు. మా నాన్న కూడా ముగ్గురు ఆడపిల్లల పెళ్లిళ్లు చేశారు, ముగ్గుర్నీ విశ్వాసుల ఇళ్లకే ఇచ్చారు. రేపు డ్యూటీ దిగాక రాస్తాను.

రెండో_వరస | సోమవారం, రాత్రి 11:15

వెలంపల్లి తమ్ముడూ, బాగా చెప్పావు. మిగతా సగం నేను చెబుతాను, ఎందుకంటే ఆ సగం మా వాళ్లది.

క్లౌ దొర కన్నా ముందే ఆ మార్గాన్ని వెతుక్కుంటూ తిరిగిన మనిషి యర్రగుంట్ల పేరయ్య. మాదిగ. తోలు పని చేసుకునేవాడు. 1866లో బాప్తిస్మం తీసుకుని, తన వాళ్లున్న పల్లెలన్నీ కాలినడకన తిరిగాడు. అలా వచ్చినవాళ్లకు పెట్టిన నియమాలు మూడే. విగ్రహాలకు మొక్కకూడదు, ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. ఇప్పుడు చదివితే తేలిగ్గా అనిపిస్తాయి. మాదిగవాడు ఆదివారం పనికి రాను అంటే ఊరి పెద్దకు ఎదురు చెప్పినట్టు. జాతరకు డప్పు కొట్టను అంటే ఊరంతటినీ కాదన్నట్టు. బావి దగ్గర నీళ్లు ఆగిపోయేవి, పని ఆగిపోయేది, దెబ్బలు పడేవి. చేతిలో చదువు లేదు, సెంటు భూమి లేదు. అయినా నిలబడ్డారు. విశ్వాసం వల్ల ఏం వదులుకున్నారని అడిగారు కదా రేపల్లె అన్నా, అదీ.

ఇంకో సంగతి. మొదట్లో ఒంగోలులో పై కులాలవాళ్లు కొందరు వాక్యం వినడానికి వచ్చేవారు. మాదిగలను చేర్చుకుంటున్నారని తెలిసి, వాళ్లుంటే మేం రాలేం అన్నారు. క్లౌ దొరకు ఏం చేయాలో తోచలేదు. ఆయన ఒక గదిలో, ఆయన భార్య ఇంకో గదిలో ఎవరికి వారు బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయంలో ఒకే చోటు కనపడింది. లోకం లెక్కలో లేనివాళ్లనే దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే చోటు. ఆ తర్వాత ఇక వెనక్కి చూడలేదు.

అంత వెల పెట్టి వచ్చిన సంఘాల్లో ఇవాళ ఏం జరుగుతోంది? ఒకే ఊళ్లో మాల చర్చి వేరు, మాదిగ చర్చి వేరు. పై కులాల నుంచి వచ్చిన విశ్వాసులు పెళ్లి దగ్గరికి వచ్చేసరికి మళ్లీ వాళ్ల కులమే వెతుక్కుంటారు. కొన్నిచోట్ల సమాధుల తోట కూడా వేరే. అన్నా, నొచ్చుకోకండి, మీ సంబంధం కూడా సొంత కులంలోనే కుదిరి ఉంటుంది. కట్నం గురించి బాధపడ్డారు, మంచిదే. ఈ రెండోది మీకు ప్రశ్నగానే రాలేదు చూశారా.

రేపల్లె_తండ్రి | మంగళవారం, ఉదయం 6:05

నొచ్చుకోలేదు తమ్ముడూ. నువ్వన్నది నిజం, సొంత కులమే. ఆలోచిస్తున్నాను.

నిజం_మాట | మంగళవారం, ఉదయం 8:30

కులం మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను, ఎవరినీ కించపరచాలని కాదు. ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పి, సోమవారం ఎమ్మార్వో ఆఫీసులో ఎస్సీ సర్టిఫికెట్ కోసం హిందువునని రాయించుకునేవాళ్లు మన సంఘాల్లో ఎంతమంది లేరు? యథార్థంగా బతకడం గురించి మాట్లాడుకుంటూ దీన్ని దాటేస్తే ఎలా?

రెండో_వరస | మంగళవారం, మధ్యాహ్నం 1:10

దాటేయొద్దు, మాట్లాడదాం. కానీ మొత్తం మాట్లాడదాం.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు అయితేనే ఎస్సీ. 1956లో సిక్కులను చేర్చారు, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లింలను చేర్చలేదు. మన రాష్ట్రాల్లో ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లను బీసీ-సి కింద పెట్టారు, అక్కడున్నది 1 శాతం రిజర్వేషన్. ఇది రాజ్యాంగానికి తగునా అని 2004లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2022లో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన ఒక కమిషన్ వేసింది. బాప్తిస్మం తీసుకున్న మర్నాడు ఊళ్లో మమ్మల్ని ఎవరూ వేరేగా చూడలేదు. అదే పల్లె, అదే చూపు. కాగితం మీద మాత్రం కులం పోయిందన్నారు.

కాబట్టి "అబద్ధం ఎందుకు రాయించుకున్నావ్" అని ఒక్కణ్ణి నిలదీసే ముందు, నిజం రాయించుకుంటే పిల్లల హాస్టల్ సీటు, స్కాలర్‌షిప్పు పోయేలా రాసి ఉన్న రూలును కూడా నిలదీయాలి. పై కులం నుంచి వచ్చిన విశ్వాసి ఈ విషయంలో ఏమీ పోగొట్టుకోడు. పోగొట్టుకునే పని లేనివాడికి యథార్థత గురించి చెప్పడం తేలిక.

ఇంత చెప్పాక నా మాట కూడా చెప్పాలి. మా ఇంట్లో బీసీ-సి అనే రాయించుకున్నాం. మా నాన్న నిర్ణయం అది. "యేసును ఒప్పుకున్నాక ఎక్కడైనా ఒప్పుకోవాల్సిందే" అన్నాడు. మా అక్కకు మెడికల్ సీటు రాలేదు. నాన్న మీద ఆమెకు కోపం చాలా ఏళ్లు ఉంది. ఇప్పుడు తగ్గింది, పూర్తిగా పోలేదు. నాన్న చేసింది సరైనదనే నమ్ముతాను. అలా చేయని ఇంటివాళ్లను తప్పుబట్టే నోరు మాత్రం నాకు రాదు.

నిజం_మాట | మంగళవారం, మధ్యాహ్నం 2:02

అన్నా, అక్క సంగతి చదివాక మాట రాలేదు. మాది పై కులమే. మీరన్నట్టు మా ఇంట్లో ఈ ప్రశ్న ఎప్పుడూ పుట్టలేదు. 1956, 1990 సంగతి ఇవాళే తెలుసుకున్నాను.

నిర్వాహకులు | మంగళవారం, మధ్యాహ్నం 2:30

చర్చ బాగా నడుస్తోంది. ఒక్క విన్నపం: బతికున్నవాళ్ల పేర్లు, సంఘాల పేర్లు రాయొద్దు.

పల్నాటి_రైతు | మంగళవారం, సాయంత్రం 7:20

నేను హిందువుని. మీ వేదికలో అప్పుడప్పుడు చదువుతుంటాను. రాయొచ్చో లేదో తెలీదు గానీ ఒక మనిషి గురించి చెప్పాలనిపించింది.

గుంటూరు మిర్చి యార్డుకు తేజ రకం మిరపకాయలు తీసుకెళ్లాను. కమీషన్ కొట్టులో కాటా వేసేటప్పుడు రైతు ఎన్ని చోట్ల నష్టపోతాడో బయటవాళ్లకు తెలియదు. టిక్కీ (కాయల బస్తా) విప్పి మచ్చు తీస్తారు, ఆ కాయలు తిరిగి రావు. తేమ ఉందని తరుగు తీస్తారు. గోతం బరువు అని ఇంకొంత. కాటా మీద అంకె ఒకటి, చీటీలో రాసేది ఒకటి. వరసగా యాభై టిక్కీలు దొర్లిస్తుంటే నిద్రలేని రైతు ఏం చూస్తాడు?

ఆ కొట్టులో ఒక గుమస్తా ఉండేవాడు. చొక్కా జేబులో చిన్న కొత్త నిబంధన పుస్తకం, అంతకుమించి మతం మాట ఎత్తేవాడు కాదు. లెక్క పూర్తయ్యాక నన్ను పక్కకు పిలిచి, "అన్నా, పద్నాలుగో టిక్కీ దగ్గర్నుంచి మళ్లీ కాటా పెట్టించుకో. నేను చెప్పానని అనక్కర్లేదు, అన్నా పర్లేదు" అన్నాడు. మళ్లీ తూకం వేస్తే అర క్వింటా దాకా తేడా వచ్చింది. యజమానికి సంగతి అర్థమైంది. మరుసటి సీజనుకు ఆ గుమస్తా అక్కడ లేడు. అడిగితే, పనిలోంచి తీసేశారని, ఇంకెక్కడో తక్కువ జీతానికి చేరాడని పక్క కొట్టువాళ్లు చెప్పారు.

నేను మతం మారలేదు, మారే ఆలోచనా లేదు. కానీ ఎవరైనా నా ముందు క్రైస్తవుల గురించి తేలిగ్గా మాట్లాడితే ఊరుకోను. ఆ ఒక్క మనిషి వల్ల.

వెలంపల్లి_మనవడు | మంగళవారం, రాత్రి 8:00

రైతన్నా, మీరు తప్పకుండా రాయాలి. "అన్నా పర్లేదు" అన్నాడు చూడండి, ఉద్యోగం పోతుందని తెలిసే అన్నాడు.

స్టాఫ్_నర్స్ | మంగళవారం, రాత్రి 10:50

డ్యూటీ దిగాను. నేను కుష్ఠు రోగుల వార్డులో చేస్తాను. ఇప్పుడు మల్టీ డ్రగ్ మందులు వచ్చాయి, త్వరగా చూపించుకుంటే పూర్తిగా తగ్గిపోతుంది. కానీ ఆలస్యంగా వచ్చినవాళ్లకు, పాత రోగులకు పాదాల్లో స్పర్శ ఉండదు. మేకు దిగినా తెలియదు. ఆ పాదాలే మా పని.

రోజూ అరగంట నీళ్లలో నానబెట్టాలి. మెత్తబడ్డ చర్మాన్ని గరుకు రాయితో నెమ్మదిగా రుద్దాలి, అంచులు పగలకుండా. పుండు చుట్టూ గట్టిపడ్డదాన్ని తీసేయాలి. తడి ఆరకముందే నూనె రాయాలి. వేళ్ల సందులు విడివిడిగా చూడాలి. చెప్పులో చిన్న రాయి ఉందేమో చేయి పెట్టి తడమాలి, ఎందుకంటే ఆయనకు తెలియదు. రేపు మళ్లీ ఇదే. వాసన ఉంటుంది. కొత్తగా వచ్చిన అమ్మాయిలు మొదటి వారం భోజనం చేయలేరు.

నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో 1915లో ఇసాబెల్ కెర్ అనే స్కాట్లండ్ డాక్టరమ్మ ఈ రోగుల కోసం ఆసుపత్రి మొదలుపెట్టారు. అప్పట్లో ఈ మందులు లేవు, చాల్‌మూగ్రా నూనె ఇంజెక్షన్లే. ఆమెకు అండగా నిలిచి డబ్బు ఇచ్చినవారు రాజా నర్సాగౌడ్, హిందువు. పైన రైతు అన్న రాసింది చదివినప్పుడు ఆయనే గుర్తొచ్చారు. మంచి పని కనపడితే పక్కవాళ్లు కూడా వచ్చి చేయి వేస్తారు.

మా వార్డులో ఉదయం ప్రార్థన రెండు నిమిషాలు. ఎక్కువ చేయడానికి టైమ్ ఉండదు. నాకు ప్రార్థన ఎక్కడ ఆగి పని ఎక్కడ మొదలవుతుందో ఇప్పుడు విడిగా తెలియడం లేదు. దీన్ని గొప్పగా చెప్పడం లేదు, రేపల్లె అన్నయ్య జరిగినవి చెప్పమన్నారు కాబట్టి రాశాను.

హన్మకొండ_అక్క | బుధవారం, ఉదయం 9:15

క్షమాపణ గురించి ఎవరూ రాయలేదు. మన సంఘాల్లో ఎక్కువగా నలిగిపోతున్న మాట అదే.

గ్లాడిస్ స్టెయిన్స్ గారి గురించి అందరూ ప్రసంగాల్లో చెబుతారు. 1999 జనవరి 22 రాత్రి దాటాక ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో ఆమె భర్త గ్రాహం స్టెయిన్స్‌ను, పదేళ్ల ఫిలిప్‌ను, ఆరేళ్ల తిమోతిని బండిలో నిద్రపోతుండగా తగలబెట్టారు. ఆమె క్షమించానన్నారు. వెంటనే ఆస్ట్రేలియా వెళ్లిపోకుండా బారిపదలో కుష్ఠు రోగుల సేవ కొనసాగించారు. 2005లో పద్మశ్రీ ఇచ్చారు. ఇదంతా నిజం.

కానీ అదే ప్రసంగం విని ఇంటికొచ్చాక, తాగి కొట్టే భర్త గురించి చెప్పుకోవడానికి వెళ్లిన ఆడపిల్లకు "గ్లాడిస్‌గారు అంతటి ఘోరాన్నే క్షమించారు, నువ్వు ఇంత చిన్నదాన్ని క్షమించలేవా, ప్రార్థన చెయ్యమ్మా" అని చెప్పి పంపుతున్నారు. నా కళ్లముందే జరిగింది. ఆ పిల్ల చేతికి కట్టు ఉంది అప్పుడు. గ్లాడిస్‌గారు క్షమించారు గానీ కేసు ఆగలేదు. ముఖ్య నిందితుడికి కింది కోర్టు ఉరి వేసింది, హైకోర్టు దాన్ని యావజ్జీవంగా మార్చింది, 2011లో సుప్రీంకోర్టు అదే ఖాయం చేసింది. ఆమె మనసులో పగ పెట్టుకోలేదు, చట్టం పని చట్టం చేసింది. రెండూ ఒకేసారి ఉండొచ్చు.

ఆ పిల్లను మేం నలుగురం ఆడవాళ్లం మా ఇంట్లో పెట్టుకున్నాం. సంఘంలో కొందరు మాతో మాట్లాడటం మానేశారు. స్త్రీల కూడికలో పాట పాడే వంతు కూడా తీసేశారు. విశ్వాసంగా బతకడం అంటే నాకు ఆ రోజుల్లో ఒక్కటే అర్థం ఉండేది: ఆ పిల్లను మళ్లీ ఆ ఇంటికి పంపకుండా ఉండటం.

స్టాఫ్_నర్స్ | బుధవారం, ఉదయం 9:50

అక్కా, మీ చేతులు పట్టుకోవాలని ఉంది.

కాగితాల_మనిషి | బుధవారం, మధ్యాహ్నం 12:30

నేను వకీలుని, సంఘంలో లెక్కలు కూడా చూస్తాను. రేపల్లె అన్నగారి విషయంలో చట్టం వైపు నుంచి నాలుగు మాటలు.

వరకట్న నిషేధ చట్టం 1961 నాటిది. ఇవ్వడం, తీసుకోవడం రెండూ నేరమే, కనీసం ఐదేళ్ల జైలు అని రాసి ఉంది. అడక్కుండా ఇచ్చిన కానుకలకు మినహాయింపు ఉంది గానీ, అవి ఇచ్చేవాళ్ల తాహతుకు మించకూడదు, 1985 నాటి రూల్సు ప్రకారం జాబితా రాసి సంతకాలు పెట్టాలి. "ప్రేమతో ఇచ్చారు" అన్న మాట ఇరవై లక్షలకు నిలబడుతుందని నేను అనుకోను.

దీనికన్నా ముఖ్యమైంది మన వాళ్లకు చాలామందికి తెలియదు. క్రైస్తవులకు వర్తించేది 1925 నాటి భారత వారసత్వ చట్టం. వీలునామా లేకుండా తండ్రి పోతే కొడుక్కీ కూతురికీ సమానంగా వాటా. కట్నం ఇచ్చేశాం కదా అని ఆడపిల్ల దగ్గర తర్వాత సంతకం పెట్టించుకోవడం మన ఇళ్లల్లో మామూలు అయిపోయింది. కాబట్టి ఆ అరెకరం అమ్మాయి తండ్రి నిజంగా ఇవ్వాలనుకుంటే, పెళ్లి మాటలతో ముడిపెట్టకుండా, ఆయనకు వీలైనప్పుడు, కూతురి పేరు మీదే రిజిస్టర్ చేయమనండి. మీ అబ్బాయి పేరు ఆ కాగితంలో ఎక్కడా ఉండకూడదు. డబ్బు సంగతి మాత్రం పూర్తిగా వద్దనాలి.

చర్చిలో పెళ్లి ప్రకటనలు మొదలుపెట్టే ముందే ఇది తేలాలి. మూడు ఆదివారాలు "ఎవరికైనా అభ్యంతరం ఉందా" అని అడుగుతారు కదా. పాస్టరుగారు అంతకుముందే రెండు కుటుంబాలనూ కూర్చోబెట్టి కట్నం ఉందా అని సూటిగా అడిగే పద్ధతి మా సంఘంలో పెట్టాం. ఇద్దరు ముగ్గురు అలిగి వేరే చర్చిలో పెళ్లి చేసుకున్నారు. పద్ధతి అలాగే నడుస్తోంది.

డాలస్_నుంచి | బుధవారం, రాత్రి 9:30

ఇక్కడ మనవాళ్ల ప్రార్థన గుంపులు చాలా ఉన్నాయి. ప్రేమగా ఉంటారు, కొత్తగా వచ్చినవాళ్లకు ఇల్లు చూసిపెడతారు, ఎయిర్‌పోర్టుకు వెళ్లి తీసుకొస్తారు. నా బాధ ఒకటే. లేని అనుభవం పెట్టిన రెజ్యూమెతో ఇంటర్వ్యూకి వెళ్లే పిల్లల కోసం మేం మోకరించి ప్రార్థన చేస్తున్నాం. వీసా స్టాంపింగ్ కోసం ఉపవాసం ఉంటున్నాం. ఆ కాగితాల్లో ఏముందని ఎవరూ అడగరు. నేను ఒకసారి అడిగాను. గది అంతా నిశ్శబ్దం అయిపోయింది. తర్వాత ఒకరు "బ్రదర్, పిల్లవాడి నెత్తిన నలభై లక్షల అప్పుంది" అన్నారు. అది కూడా నిజమే. ఆ అప్పు బాధ తెలియకుండా మాట్లాడకూడదు. కానీ అబద్ధం మీద దేవుడి ఆశీర్వాదం అడగడం నాకు భయంగా ఉంటుంది.

రెండో_వరస | బుధవారం, రాత్రి 10:10

డాలస్ అన్నా, అడిగినందుకు సంతోషం.

కులం మాటకు చిన్న చేర్పు, మొన్న రాయడం మరిచాను. మన దోర్నకల్‌కు 1912లో బిషప్ అయిన అజరయ్యగారు, భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్. అంతకు రెండేళ్ల ముందు ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల మహాసభలో మాట్లాడుతూ, మీరు మా పేదల కోసం ఆస్తులిచ్చారు, ప్రాణాలు కూడా ఇచ్చారు, మేం అడిగేది ప్రేమ, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నారు. తెల్లవాళ్లు మేలు చేస్తారు గానీ పక్కన కూర్చోబెట్టుకోరని ఆయన బాధ. నాకు మన సంఘాల్లో అదే కనపడుతోంది. క్రిస్మస్‌కు మా పేటకు దుప్పట్లు వస్తాయి. ఇచ్చినవాళ్లు మా ఇంట్లో అన్నం తినరు.

రేపల్లె_తండ్రి | గురువారం, రాత్రి 9:00

అందరికీ చెప్పాలి. నిన్న మా అబ్బాయితో కూర్చున్నాను. వకీలుగారు రాసినదంతా చదివి వినిపించాను. వాడు "నాన్నా, నాకు ముందు నుంచీ ఇష్టం లేదు, మీరు బాధపడతారని చెప్పలేదు" అన్నాడు. నా భార్యకు ఒప్పుకోవడం కష్టంగా ఉంది. మా అమ్మాయి పెళ్లికి మేం ఇచ్చాం కదా, అప్పుడు మన దగ్గర ఎవరు వద్దన్నారు అంటోంది. ఆమె అడిగేదాంట్లో న్యాయం ఉంది. జవాబు వెతుకుతున్నాను.

అమ్మాయి వాళ్లకు ఫోన్ చేసి డబ్బు వద్దని చెప్పాను. సంతోషిస్తారనుకుంటే కంగారుపడ్డారు. ఇవాళ వాళ్ల బావగారు వచ్చి అబ్బాయి ఆరోగ్యం గురించి, ఉద్యోగం గురించి వాకబు చేసి వెళ్లాడు. కట్నం వద్దంటే లోపం ఏదో ఉందని అనుకుంటున్నారు.

కాగితాల_మనిషి | గురువారం, రాత్రి 9:25

అది మామూలే అన్నగారూ. ఫోన్లో చెప్పే మాట కాదు. మీరూ, అబ్బాయీ కలిసి వాళ్లింటికి వెళ్లండి. మధ్యవర్తులు వద్దు. అబ్బాయి చేతే చెప్పించండి. ఏ అనుమానం ఉన్నా అడగమనండి, మెడికల్ రిపోర్టులు అడిగినా ఇవ్వండి.

హన్మకొండ_అక్క | గురువారం, రాత్రి 9:40

వదినగారిని కూడా తీసుకెళ్లండి అన్నయ్యా. ఆమెను ఒప్పించడం అయ్యాక కాదు, ఇప్పుడే. కూతురి పెళ్లికి ఇచ్చినప్పుడు ఆమె ఎంత బాధపడి ఉంటుందో ఆ అమ్మాయి తల్లి ఎదుట కూర్చుంటే ఆమెకే గుర్తొస్తుంది. మీరు చెప్పక్కర్లేదు.

అమీర్‌పేట_కుర్రాడు | గురువారం, రాత్రి 11:50

నేను కొత్త సభ్యుణ్ణి. డాలస్ అన్నయ్య రాసింది చదివి రిజిస్టర్ అయ్యాను. బీటెక్ అయిపోయింది, హైదరాబాద్‌లో జావా కోర్సు చేశాను. కన్సల్టెన్సీ వాళ్లు మూడేళ్ల అనుభవం పెట్టి పంపుతామంటున్నారు, రేపటిలోగా ఒప్పుకోమన్నారు. రూమ్‌లో ఉన్న ముగ్గురూ ఒప్పుకున్నారు, అందులో ఇద్దరు నాతో కలిసి చర్చికి వచ్చేవాళ్లే. ఫ్రెషర్‌గా అయితే కాల్స్ రావడం లేదు. అమ్మకు ఇంటి దగ్గర వడ్డీ కట్టాలి. చాలా టెన్షన్‌గా ఉంది. వద్దంటే తర్వాత ఏం చేయాలి? అది చెప్పేవాళ్లు కావాలి.

రెండో_వరస | శుక్రవారం, ఉదయం 12:20

తమ్ముడూ, ఒప్పుకోకు. వడ్డీ ఎంతో, ఏ నెలకు ఎంత కట్టాలో నాకు మెసేజ్ పెట్టు. మా స్నేహితులం కొందరం ఇలాంటివాటికి డబ్బు పక్కన పెడుతున్నాం. ఉద్యోగం వచ్చాక తిరిగి ఇవ్వు.

డాలస్_నుంచి | శుక్రవారం, ఉదయం 12:45

ఇక్కడ ఇంకా మధ్యాహ్నమే, అందుకే వెంటనే చూశాను. బాబూ, రేపు అమెరికా వీసాకు వచ్చినప్పుడు ఈ అబద్ధం బయటపడితే జీతం పోవడంతో ఆగదు. వీసా కోసం కావాలని తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే, ప్రత్యేకంగా మినహాయింపు దొరికితే తప్ప, ఈ దేశంలోకి జీవితాంతం రానివ్వరు. అలా ఇరుక్కున్నవాళ్లను చూశాను.

నీ అసలు రెజ్యూమె పంపు, ఉన్నది ఉన్నట్టు. కోర్సులో చేసిన ప్రాజెక్టు కోడ్ ఎక్కడైనా పెట్టి ఉంటే ఆ లింకు కూడా. మా టీమ్‌కు హైదరాబాద్‌లో ఆఫీసు ఉంది, ఫ్రెషర్లను తీసుకుంటారు. ఉద్యోగం ఇప్పిస్తానని మాట ఇవ్వలేను, ఇంటర్వ్యూ దాకా తీసుకెళ్లడానికి ప్రయత్నిస్తాను. శనివారం మీ ఉదయం ఎనిమిదింటికి కాల్ చేస్తాను, గంటసేపు జావా ప్రశ్నలు అడుగుతాను. కలెక్షన్స్, మల్టీ థ్రెడింగ్ చదివి ఉండు.

అమీర్‌పేట_కుర్రాడు | శుక్రవారం, ఉదయం 1:05

అన్నయ్యా, పంపాను. కోడ్ గిట్‌హబ్‌లో ఉంది, లింకు మెయిల్‌లో పెట్టాను. రూమ్‌లో ఒకడు లేచి ఇదంతా చదివాడు. శనివారం వాడు కూడా కూర్చోవచ్చా అని అడుగుతున్నాడు.

డాలస్_నుంచి | శుక్రవారం, ఉదయం 1:09

కూర్చోమను. వాడి రెజ్యూమె కూడా పంపమను, అసలుది.